ఏటి ఒడ్డున నిద్ర

ఏటి ఒడ్డు,
ఇంటావిడ మేడమీద గది.

వదినా,

చేరాను. బస్సు దిగి పెట్టె, స్టాండు, కెమెరా సంచీ మూడూ మోసుకుంటూ గట్టు మీద నడిచేసరికి నడుం పట్టేసింది. యాభై దాటాక మనిషి తన ఒళ్ళు తాను మోసుకోవడమే ఎక్కువ. అన్నయ్య ఇన్నేళ్ళూ ఇంత సరంజామాతో ఈ గట్టు మీద ఎలా తిరిగాడో.

గది అన్నయ్య ఎప్పుడూ దిగే గదే. ఇంటావిడ నన్ను గుమ్మంలో నిలబెట్టి కింద నుంచి పైదాకా చూసింది.

"ఆయన రాలేదా?"

"పక్షవాతం వచ్చిందండీ. కుడివైపు పడిపోయింది. మాట కూడా ముద్దగా వస్తోంది."

"మీరేమవుతారు?"

"చెల్లెల్ని."

"మీరూ ఫోటోలేనా?"

"పాస్‌పోర్టు ఫోటోలు" అన్నాను. గొప్పలు చెప్పుకునే ఓపిక కూడా లేకపోయింది. ఆవిడ తాళంచెవి నా చేతిలో పెట్టి ఇంకేం అడగకుండా మెట్లు దిగిపోయింది.

అన్నయ్య పడిపోయిన రోజున ఫోటోల పుస్తకం కూడా పడిపోయిందనే అనుకున్నాం కదా. ఒకే ఊరు, ఏడాది పొడుగునా తెల్లవారుజాములు. అన్ని కాలాలూ తీసేశాడు, చలికాలం ఒక్కటే మిగిలింది. ఆస్పత్రి వరండాలో, దాన్ని అచ్చువేస్తానన్న పుస్తకాలాయన మొహం చూసి, "మిగిలినవి నేను తీసుకొస్తాను లెండి" అనేశాను. అనడమైతే అన్నాను, ఏమన్నానో ఇక్కడికొచ్చాక తెలిసింది.

ఇవాళ మొదటిసారి వెళ్ళాను. మంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది. ఒడ్డునున్న ఇళ్ళు కాళ్ళు ఏట్లో పెట్టుకుని కూర్చున్నట్టు కనిపించాయి. పడవలు ఒకదాని వెనక ఒకటి బయల్దేరుతున్నాయి. వేళ్ళు కొంకర్లు పోయి నాకు రీలు ఎక్కలేదు. అది ఎక్కేసరికి పొద్దెక్కింది. స్టూడియోలో అయితే "కదలకండి" అంటే జనం ఊపిరి కూడా బిగబట్టుకుంటారు. సూర్యుడికి ఎవరు చెబుతారు?

గట్టు మీద నాలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారు. ఒక్కొక్కడి దగ్గరా నా చెయ్యంత పొడుగు లెన్సు. నన్ను చూసి ఎవరో అమ్మమ్మ దారి తప్పి వచ్చిందనుకున్నారు.

రీలు ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. నువ్వు కడిగి ప్రింట్లు వేసి అన్నయ్యకి చూపించు. ఏమన్నాడో రాయి. తిట్టినా సరే, మెత్తబెట్టకుండా రాయి. నన్ను ఫ్లాషు, ఫ్లాషు అని ఏడిపించినవాడు ఇప్పుడు ఏమంటాడో వినాలి.

నువ్వు తిని పడుకో.

నీ ఫ్లాషు



ఇల్లు,
చీకటి గది పక్క వసారా.

ఫ్లాషూ,

రీలు అందింది. మధ్యాహ్నం మీ అన్నయ్య కునుకు తీసినప్పుడు చీకటి గదిలోకి వెళ్ళాను. ఆయన పడిపోయాక తలుపు తియ్యడం ఇదే మొదలు. మందులన్నీ సీసాల అడుగున గడ్డకట్టాయి. కొత్తవి కలుపుకుని, ఎర్ర బల్బు వేసుకుని కూర్చున్నాను. అక్కడ ఎవరూ పిలవరు. ఆ కాసేపూ బాగుంది.

ప్రింట్లు ఆయనకి చూపించాను. నీళ్ళు ఒక పక్కకి ఒలికిపోతున్నాయట, స్టాండు సరిగ్గా నిలబెట్టమన్నారు. మంచు కోసం వెతకొద్దన్నారు. మంచు తనంత తనే వచ్చి పడుతుందట. పడవలు వెళ్ళేటప్పుడు అందరూ తీస్తారు, తిరిగి వచ్చేదాకా ఉండమన్నారు. వెళ్ళేవాడికి నిద్రమొహం తప్ప ఏం ఉండదు, వచ్చేవాడి మొహంలో రాత్రంతా ఉంటుంది అన్నారు.

తిట్టలేదులే. బాధపడకు.

మర్దన చేసే ఆయన రోజూ వస్తున్నాడు. వేళ్ళు కదపమంటే మీ అన్నయ్య గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. ఆకలి తక్కువగా ఉంది. చెంచాతో పెడితే నాలుగు ముద్దలు మింగుతారు, ఐదోది నా మీదే పడుతుంది. చీరలన్నీ ఒకే రంగుకి వచ్చాయి.

నా సంగతి అడగకు. బాగానే ఉన్నాను. నిన్న పక్కింటావిడ వచ్చి మాట్లాడుతుంటే వింటూ వింటూ కూర్చున్నచోటే నిద్రపోయాను. లేచేసరికి ఆవిడ లేదు, నా చేతిలోని గ్లాసు తీసి గూట్లో పెట్టి వెళ్ళింది. ఎంత మర్యాదస్తురాలో.

చెవులకి గుడ్డ కట్టుకో. చలి ముందు చెవుల్లోంచే దూరుతుంది.

వదిన



ఏటి ఒడ్డు,
మేడమీద గది.

వదినా,

అన్నయ్య చెప్పినట్టే ఉండిపోయాను. గట్టు మీది లెన్సులవాళ్ళు పొద్దు కాస్త పైకి రాగానే సర్దుకుని టీకొట్టు వైపు వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే మిగిలాను. పడవలు వచ్చాయి. నిజమే, వచ్చేవాళ్ళ మొహాలు వేరు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఒకాయన పడవ కట్టేసి, తాడు పట్టుకునే నిలబడి కునుకు తీశాడు.

కానీ తియ్యలేకపోయాను. ఒడ్డున ఆడవాళ్ళు చేపల్ని బుట్టల్లోకి ఏరుతుంటారు. నేను కెమెరా ఎత్తగానే అందరూ ఒక్కసారే వీపు తిప్పేశారు. అలవాటైపోయినట్టు తిప్పారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కూడా ఆపలేదు.

వాళ్ళలో పెద్దామెను అందరూ పెద్దమ్మ అంటారు. గొంతు ఏటికి అవతలి ఒడ్డున వినిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి, "ఎందుకమ్మా అటు తిరుగుతారు?" అని అడిగాను.

"వీపులే కదా మీకు కావాల్సింది. ఇన్నేళ్ళూ అవే పట్టుకెళ్ళారు. మీ అన్నగారు ఒకసారి ఫోటో తెచ్చి చూపించారు. పడవ నల్లగా, మనుషులు నల్లగా, ఎనకాల తెల్లటి ఆకాశం. అందులో నేనెక్కడున్నానయ్యా అంటే, ఇదిగో ఈ నల్లటి చుక్క నువ్వే అన్నారు."

"ఆయనకి అదే అందం" అన్నాను.

"ఆయనకి అందమే. నాకు మొహం లేదా?"

గదికి వచ్చి పడుకున్నాను. కాళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. పడుకున్నాక కూడా తేలిగ్గా అనిపించలేదు. అసలు ఎవరి కోసం తీస్తున్నానో నాకే తెలియడం లేదు. అన్నయ్య పుస్తకంలో అన్నయ్య కన్ను ఉండాలి కదా. నాది దుకాణంలో కన్ను. గడ్డం కొంచెం పైకి, భుజం కొంచెం కిందికి, అంతే తెలుసు దానికి.

ఈ సంగతి ఆయనతో చెప్పి ఏం చెయ్యమంటాడో రాయి. ఊరికే కోపం తెప్పించకు, మెల్లగా అడుగు. కెమెరాలో ఉన్న రీలు అలాగే దీంతోపాటు పంపుతున్నాను.

ఫ్లాషు



ఇల్లు.

ఫ్లాషూ,

ఈ కాగితం మీద మరక చూసి కంగారు పడకు, మందే. ఆయన చెయ్యి తగిలి ఒలికింది. వేరే కాగితం తీసుకునే ఓపిక లేక దీని మీదే రాస్తున్నాను.

పెద్దమ్మ మాట చెప్పాను. మీ అన్నయ్య సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోమన్నారు. ఆకాశం వదిలెయ్యమన్నారు. ఆకాశం ఎక్కడైనా దొరుకుతుంది. తొలి వెలుగు వాళ్ళ మొహాల మీద పడుతున్నప్పుడు నువ్వు వాళ్ళ ఎదురుగా నిలబడమన్నారు. చాటుగా కాదు, స్టూడియోలో నిలబెట్టినట్టు అడిగి నిలబెట్టమన్నారు. దుకాణం కన్నే కావాలి ఇప్పుడు అన్నారు.

పోయినసారి పంపిన దాంట్లో ఒక్కటి బాగుందన్నారు. తాడు పట్టుకుని నిలబడి నిద్రపోయే మనిషిది. నువ్వు తియ్యలేకపోయానన్నావు కానీ, రీలు చివర్లో ఉన్నాడు. తెలియకుండానే నొక్కినట్టున్నావు. అది ట్రేలో మెల్లగా తేలుతుంటే అలాగే చూస్తూ ఉండిపోయాను. ముందు తాడు వచ్చింది, తర్వాత వేళ్ళు, ఆఖరికి మూసిన కళ్ళు.

పుస్తకాలాయన వచ్చి వెళ్ళాడు. ఎండలు ముదిరేలోగా ఇస్తే వేస్తాడట, లేకపోతే ఈ ఏడాదికి ఇక లేదట. అన్నయ్య ఎదురుగా అనలేదు, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అన్నాడు.

మర్దన చేసే ఆయన రావడం మానేశాడు. మాట వినని మనిషికి తనేం చేస్తానన్నాడు. నేర్పించి వెళ్ళాడులే, నేనే చేస్తున్నాను.

వదిన



ఏటి ఒడ్డు,
మేడమీద గది.

వదినా,

కూర్చుని రాసేంత తీరిక ఇవాళే దొరికింది. పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, "మొహమే తీస్తాను, నిలబడతారా?" అన్నాను. ఆవిడ నన్ను నమ్మలేదు. చేతులు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది, జుట్టు వెనక్కి దువ్వుకుంది. ఏటి వైపు తిరిగి నిలబడింది. పొద్దు అప్పుడే అవతలి గట్టు దాటుతోంది. అలవాటు కొద్దీ, "గడ్డం కొంచెం పైకి" అన్నాను.

"ఎందుకు, మెడ ముడతలు కనబడకుండానా?"

"అవును."

"కనబడనీ. అవి కూడా నావే" అంది.

వదినా, ఆవిడ మొహం మీద ఆ వెలుగు పడుతుంటే మీట నొక్కడం ఆలస్యం చేశాను. ఇన్నేళ్ళు ట్యూబులైటు కింద మొహాలు తీశాను. ఒకే మొహం మీద వెలుగు ఇంత మెల్లగా ఎక్కడం ఎప్పుడూ చూడలేదు. ముందు నుదురు, తర్వాత ముక్కు, తర్వాత పెదవులు. ఆవిడ కళ్ళు చిట్లించలేదు. నేనే చిట్లించాను, కెమెరా వెనక.

తర్వాత రోజు వరసలో నిలబడ్డారు. ఒకావిడ చేపబుట్ట నెత్తిన పెట్టుకునే వచ్చింది, దించమంటే దించనంది. తాడు పట్టుకుని నిద్రపోయే ఆయన మెలకువగా వచ్చాడు. గుర్తుపట్టలేకపోయాను. లెన్సులవాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటున్నారు. వాళ్ళకి మంచు దొరకలేదు ఇవాళ, పాపం.

ఒళ్ళు మాత్రం హూనమైపోయింది. ఈ రీళ్ళన్నీ పంపుతున్నాను.

ఒక్క మాట అడుగుతాను. సూర్యుణ్ణి వెనక పెట్టుకోమని అన్నయ్యే అన్నాడా? నాకు తెలిసినంతవరకూ సూర్యుడికి ఎదురు నిలబడకుండా ఆయన ఒక్క ఫోటో తియ్యలేదు. కళ్ళు పోతాయని అమ్మ తిట్టేది. దుకాణం కన్నే కావాలి అని కూడా ఆయనే అన్నాడా? నా దుకాణాన్ని ఆయన ఏనాడూ మెచ్చుకోలేదు. జబ్బు మనిషిని మార్చిందేమో అనుకుంటున్నాను. ఈసారి ఉత్తరం కింద ఆయన చేత ఎడమచేత్తో ఒక్క గీత గీయించు. సంతకం కానక్కర్లేదు, గీత చాలు.

ఫ్లాషు



ఇల్లు.

ఫ్లాషూ,

గీత గీయించలేను. ఆయన ఒక్క ఫోటో కూడా చూడలేదు.

మొదటి రీలు ప్రింట్లు తీసుకెళ్ళి మంచం మీద పెట్టాను. ఎడమచేత్తో తోసేశారు. నేల మీద పడ్డాయి. ఏరుకుని మళ్ళీ పెట్టాను, మళ్ళీ తోశారు. అది మొదలు గోడవైపే తిరిగి ఉంటున్నారు. తన ఊరికి తను లేకుండా తెల్లవారడం ఆయన చూడలేకపోతున్నారనుకుంటాను. నేను కోప్పడలేదు. నిజానికి కోపం వచ్చింది, చూపించే ఓపిక లేకపోయింది.

నీకు నిజం రాస్తే నువ్వు తిరిగి వచ్చేస్తావనిపించింది. పుస్తకం ఆగిపోతే ఆయన ఇక లేవరనిపించింది. అందుకని నాకు తోచినవి ఆయన మాటలుగా రాశాను. ఆయన ఫోటోలు ఏరీ ఏరీ, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో చెప్పీ చెప్పీ ఆ మాత్రం వచ్చింది నాకు. ఆయన సంచీ దించి పడుకునేవారు, నేను చీకటి గదిలోకి వెళ్ళేదాన్ని. ఎర్ర బల్బు కింద ఆ ఊరికి ఎన్నిసార్లు తెల్లవారిందో. అన్నీ నా చేతుల మీదే తెల్లవారాయి. నేను ఆ ఊరు ఒక్కసారీ చూడలేదు.

నిన్న ఆయన్ని పక్కకి తిప్పబోతే నా చేతులు లేవలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాను. ఆయన పిలుస్తున్నారు, ముద్దగా, నా పేరే. వినిపిస్తోంది. లేవలేదు. లేవలేక కాదు ఫ్లాషూ, లేవాలనిపించలేదు. పక్కింటావిడ వచ్చి తిప్పింది.

నీ పెద్దమ్మ ప్రింటు వేశాను. గోడకి చేరేసి చూస్తూ కూర్చున్నాను. ఆవిడ నన్ను చూస్తుంటే ఎవరో నా సంగతి అడుగుతున్నట్టుంది.

కోపం వస్తే రానీ.

వదిన



ఏటి ఒడ్డు.

వదినా,

వచ్చింది. ఉత్తరం మడిచి ఏట్లో పడేద్దామని గట్టు దాకా వెళ్ళాను. అన్నయ్య మెచ్చుకున్నాడని నేను ఇన్నాళ్ళు చలిలో నిలబడ్డాను. తాడు పట్టుకున్న ఆయన ఫోటో బాగుందన్నాడని ఆ రోజంతా ఎవరితో మాట్లాడినా నవ్వుతూనే ఉన్నాను. ఇంటావిడ అడిగింది కూడా, "ఏంటి, పెళ్ళి కుదిరిందా?" అని.

గట్టు మీద కూర్చున్నాక కోపం దిగింది. మెచ్చుకున్నది నువ్వు కదా. అది తక్కువెందుకవుతుంది? ఆయన కన్ను అని నేను అనుకున్నదాంట్లో నీది ఎంతో, ఆయనకైనా తెలుసో లేదో.

నేను వస్తున్నాను. రేపటి బస్సుకి. ఫోటోలు చాలినన్ని ఉన్నాయి, చాలకపోయినా ఇవే. నేను వచ్చిన మర్నాడు నువ్వు ఇక్కడికి బయల్దేరు. గది ఖాళీ చెయ్యడం లేదు. ఇంటావిడతో మా వదిన వస్తుందని చెప్పాను. "ఆవిడా ఫోటోలేనా?" అంది. కాదు, పడుకోడానికి వస్తోంది అన్నాను. దుప్పటి ఇంకోటి తెచ్చి పెట్టింది.

ఆయన్ని తిప్పడం నాకు రాదని సాకు చెప్పకు. నేర్పించు. బట్టలు ముందే సర్దుకో, నేను వచ్చాక కూర్చుని టీ తాగుతూ మనసు మార్చుకుంటావు. నీ సంగతి నాకు తెలుసు. నేను బళ్ళో చదువుకునే రోజుల నుంచీ చూస్తున్నాను నిన్ను.

ఫ్లాషు



ఏటి ఒడ్డు,
మేడమీద గది.

ఫ్లాషూ,

చేరానని రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. క్షమించు. నిద్రపోయాను.

బస్సు దిగి గదికి వచ్చి కాళ్ళు కడుక్కుని నడుం వాల్చాను. లేచేసరికి ఎండ కిటికీలోంచి వెళ్ళిపోతోంది. ఏ రోజో తెలియలేదు. రొట్టె తిని మళ్ళీ పడుకున్నాను. ఒకటే గుర్తుంది. నిద్రలో ఎవరో పిలిచినట్టై గబుక్కున లేచి, చీకట్లో తడుముకుంటూ మీ అన్నయ్య మంచం పట్టె కోసం వెతికాను. మంచం లేదు, గోడ ఉంది. అప్పుడు ఏరు వినిపించింది. కూర్చుని కాసేపు ఏడ్చి, మళ్ళీ పడుకున్నాను.

రోజూ తెల్లవారుజామున పడవలు వెళ్ళే చప్పుడు వినిపిస్తుంది. లేద్దాం, ఇన్నేళ్ళు ప్రింట్లలో చూసింది కళ్ళతో చూద్దాం అనుకుంటాను. అనుకుంటూనే నిద్రపోతాను. ఈ ఊరి తెల్లవారుజాము కోసం ఎక్కడెక్కడి వాళ్ళో వస్తుంటే, కిటికీ కింద జరుగుతున్నదాన్ని నేను దుప్పటి కప్పుకుని పోగొట్టుకుంటున్నాను. దిగులేం లేదు.

మొన్న తలుపు దబదబా బాదారు. తీస్తే పెద్దమ్మ. ఫోటోలో కంటే పొట్టి.

"బతికే ఉన్నావా? ఇంటావిడ భయపడి నన్ను పంపింది" అంది.

"నిద్రపోతున్నానండీ."

"ఎన్నాళ్ళ నిద్ర?"

"చాలా ఏళ్ళది."

ఆవిడ లోపలికి వచ్చి కూర్చుంది. నా చేతులు చూసింది. మందుల్లో నాని వేళ్ళ చివర్లు గోధుమరంగుకి తిరిగాయి కదా. "ఇదేం పని?" అంది. మీ ఫోటోలు కడిగిన చేతులు అన్నాను. "అయితే నన్ను నువ్వు కడిగావా?" అని పెద్దగా నవ్వింది. ఆవిడ ప్రింటు ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసుకుంది. బాగుందనలేదు. "మా అక్కలా ఉన్నాను" అంది, ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

మందులు వేళకి ఇస్తున్నావా? కుడి మడమ కింద దిండు పెట్టడం మరచిపోకు, ఒరుసుకుపోతుంది. వచ్చేయనా?

వదిన



ఇల్లు,
చీకటి గది పక్క వసారా.

వదినా,

వచ్చేయకు.

నీ నడుం నొప్పి నాకు సంక్రమించింది. ఇప్పుడు అర్థమైంది నువ్వు ఉత్తరాల్లో ఎంత తక్కువ రాశావో. మొదటి నాలుగు రోజులూ అన్నయ్య నన్ను కూడా తోశాడు. నువ్వు ఎక్కడని అడగడం, నేను చెప్పడం, గోడవైపు తిరగడం. రోజంతా ఇదే. మర్దన చేసే ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాను. ఆయనకి మర్యాదలు బాగా కావాలి, చేస్తున్నాను.

అన్నయ్యని నేను బుజ్జగించలేదు. గోడవైపే కదా చూస్తావు అని, ప్రింట్లన్నీ ఆ గోడకే అతికించేశాను. కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపు మూసుకుంటాడు? రెండో రోజు తెరిచాడు. రోజులు గడిచాయి. ఒకరోజు తల తుడుస్తుంటే ఎడమచెయ్యి ఎత్తి, తాడు పట్టుకుని నిద్రపోయే ఆయన్ని చూపించాడు. "కిందికి" అన్నాడు. కిందికి మార్చాను. "పక్కకి." పక్కకి మార్చాను. పెద్దమ్మ పక్కన పెట్టించాడు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు. అంటే ఇలా తియ్యమని.

"వదిన."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. నువ్వు చెప్పినట్టుగా రాసింది."

తర్వాత మాట కూడగట్టుకుని అన్నాడు. "నా ఫోటోలు కూడా. మొదట్నుంచీ." అని తల అవతలికి తిప్పుకున్నాడు. నేను గిన్నె తీసుకుని బయటికి వచ్చేశాను. ఆయన ఏడుపు నేను చూడటం ఆయనకి ఇష్టం ఉండదు.

పుస్తకాలాయన వచ్చాడు. గోడ చూసి నసిగాడు. "మంచు ఏది? పడవలు నల్లగా, ఆకాశం తెల్లగా, అవి కదా జనం అడుగుతారు. ఇవన్నీ మొహాలేగా?" అన్నాడు.

అన్నయ్య మంచం మీంచి, "అయితే వద్దు" అన్నాడు. ఇంత స్పష్టంగా ఆయన మాట్లాడటం ఈ జబ్బు వచ్చాక నేను వినలేదు. పుస్తకాలాయన బిత్తరపోయి వెళ్ళిపోయాడు. మళ్ళీ వారం పోయాక ఉత్తరం వచ్చింది, చలికాలం భాగంలో అలాగే వేస్తాడట. మన ముగ్గురి పేర్లూ ఉండాలని అన్నయ్య రాయించాడు. పుస్తకాలాయన కవుల సంకలనమా ఇది అని గొణుక్కున్నాడులే, వేస్తాడు.

నిన్ను ఇక్కడ ఎవరూ పిలవడం లేదు. అంటే పిలుస్తున్నాడు, నేను వెళ్తున్నాను. నాకిప్పుడు తిప్పడం వచ్చింది. దుకాణం పొద్దున పూట తీస్తున్నాను, పక్కింటావిడ వచ్చి కూర్చుంటోంది. నీ ఇష్టం ఉన్నన్నాళ్ళు ఉండు.

నీకు రాస్తున్నానంటే పెన్ను అడిగాడు. ఎడమచేత్తో ఆ కింద రాసింది ఆయనే. అంత చిన్న మాటకి ఎంతసేపు పట్టిందో చెప్పను.

ఫ్లాషు

పడుకో



ఏటి ఒడ్డు,
మేడమీద గది.

మీకు,

మీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఇన్నేళ్ళూ వెళ్ళేది మీరు, రాసేది మీరు. తిరిగి వచ్చే రోజు రాసేవారు, రీళ్ళు ఎన్ని ఉన్నాయో రాసేవారు. జవాబు అక్కర్లేని ఉత్తరాలు అవి.

మీరు రాసింది చూశాను. అక్షరాలు పడవల్లా వంగి ఉన్నాయి. మడిచి దిండు కింద పెట్టుకుని, మీరు చెప్పినట్టే చేశాను.

ఇవాళ లేచాను. ఎవరూ లేపలేదు, నిద్ర చాలి లేచాను. అలా లేవడం ఎలా ఉంటుందో మరచిపోయాను. శాలువా కప్పుకుని గట్టు మీదికి వెళ్ళాను. చలి తగ్గింది. మంచు పల్చగా ఉంది, లెన్సులవాళ్ళు ఎవరూ లేరు. పెద్దమ్మ నన్ను చూసి బుట్ట బోర్లించి దాని మీద కూర్చోమంది.

మీ ఊరు చూశాను. నాకు నలుపూ తెలుపూ బూడిదరంగూ మాత్రమే తెలుసు ఇక్కడ. నీళ్ళు ముందు ఇనుము రంగులో ఉండి తర్వాత పచ్చగా అవుతాయని తెలియదు. చేపలు ఇంత వాసన వేస్తాయని తెలియదు. ఫోటోల్లో ఈ ఊరు నిశ్శబ్దంగా ఉండేది. ఇక్కడ ఒకటే గోల. పడవలవాళ్ళు అరుస్తారు, ఆడవాళ్ళు వాళ్ళ మీద అరుస్తారు, కాకులు అందరి మీదా అరుస్తాయి. మీరు ఇదంతా ఎందుకు చెప్పలేదు? వచ్చి సంచీ దించి పడుకునేవారు. నేను అడగలేదు, నిజమే. నన్ను ఒక్కసారైనా తీసుకెళ్తారేమోనని చూశాను. మీరు అనలేదు, నేను అనలేదు, అలా ఏళ్ళు గడిచిపోయాయి. దెప్పడానికి కాదు, మీరు గోడవైపు తిరక్కుండా వింటారని రాస్తున్నాను.

కెమెరా గదిలోనే ఉంది. ఫ్లాషు ఒక రీలు ఎక్కించి వదిలి వెళ్ళింది. ముట్టుకోలేదు. నాకు తియ్యాలని లేదు. పొద్దు వచ్చింది, నా మోకాళ్ళ మీద పడింది, వెళ్ళింది. దాన్ని కడగక్కర్లేదు, ఏరక్కర్లేదు, ఎవరికీ చూపించక్కర్లేదు. అది ఎంత హాయిగా ఉందో మీకు చెప్పడం నాకు చేతకావడం లేదు.

నేను ఈ నెల రాను. వచ్చే నెల సంగతి తెలియదు. మీ మీద కోపంతో కాదు. మీరు పిలిచిన ప్రతిసారీ లేచాను, ఒక్కసారి లేవలేదు. ఆ ఒక్కసారి తర్వాత నా గురించి నాకే భయం వేసింది. ఆ భయం పోయాక వస్తాను. మీ చెంచా, మీ మందులు, మీ మడమ కింద దిండు, అన్నీ గుర్తున్నాయి. ఇవాళ పెద్దమ్మ పక్కన కూర్చుని కూడా వేళ అయిందేమోనని ఎండ వైపు చూశాను.

మర్దన ఆయన చెప్పినట్టు వేళ్ళు కదపండి. చెల్లెలి మీద విసుక్కోకండి, అది కూడా అలసిపోతుంది, నాలాగా దాస్తుంది. ఆ చేత్తోనే మళ్ళీ రాయండి, ఏదైనా రాయండి. మీరు ఏం తిన్నారో, గోడ మీద ఏది ఎక్కడికి మార్చారో రాయండి. రమ్మని మాత్రం రాయకండి. రాస్తే వచ్చేస్తాను.